ఉత్తరం దిబ్బ దగ్గర

ఫిబ్రవరి 6

"మీ అన్నయ్యతో చెప్పుకునే మాటలన్నీ లోపలే దాచుకుంటే కుళ్ళిపోతావు. గోడకైనా చెప్పు, పుస్తకంలోనైనా రాయి," అంది మా ఆవిడ. గోడకి చెబితే పక్క గదిలో ఉన్న బావమరిదికి వినిపిస్తుంది. అందుకని పుస్తకం.

ఇవాళ రేవులోని పడవ సామాన్ల దుకాణానికి వెళ్ళాను. మా పడవకి మిషన్ కావాలి. జీపీఎస్, ఫిష్ ఫైండర్ రెండూ ఒకే డబ్బాలో ఉండే రకం. తెర మీద సగంలో మనం ఎక్కడున్నామో కనిపిస్తుంది, మిగతా సగంలో పడవ కింద ఏముందో కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ నాకు దాని అవసరం పడలేదు. అది అన్నయ్య పడవలో ఉండేది. చేప ఎక్కడుందో అతను చూసి రేడియోలో పిలిచేవాడు, నేను వల వేసుకుని వెళ్ళేవాణ్ణి. పడవ నడిపేవాళ్ళలో పెద్ద సరంగు అతనే. నేను పేరుకి సరంగుని. ఇప్పుడు అన్నయ్యా లేడు, పడవా లేదు, మిషనూ లేదు. నవంబరులో వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు.

కాబట్టి మిషన్ కొంటున్నాను. చేపల కోసం.

దుకాణం ఆయన నాలుగు రకాలు బల్ల మీద పరిచాడు. ఆలోచించి చెప్తానన్నాను.

ఫిబ్రవరి 9

మళ్ళీ వెళ్ళాను. మొదటిది ఎండలో కనిపించదు. దుకాణంలో దీపం కింద తళతళలాడింది. గుమ్మం బయటకి తీసుకెళ్ళి చూస్తే నా మొహం తప్ప మరేమీ లేదు తెరలో. ఈ మొహం చూసుకోవడానికి మిషన్ ఎందుకు, ఇంట్లో అద్దం ఉంది.

రెండోది వేలితో తాకితే పనిచేసేది. "మా చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, పొలుసులూ జిగురూ," అన్నాను. "తుడుచుకోండి సరంగు గారూ," అన్నాడు. వల లాగుతూ చేతులు తుడుచుకునేవాణ్ణి అతనెక్కడ చూశాడో. బొత్తాలున్నది కావాలన్నాను. బొత్తాలున్నదాని తెర చిన్నది. చిన్న తెర వద్దన్నాను.

ఫిబ్రవరి 13

ఇవాళ కాస్త సంగతి తెలిసింది. పడవ అడుగున బిగించే సెన్సార్ రెండు రకాలుగా నీళ్ళలోకి చూస్తుందట. వెడల్పుగా చూస్తే చాలా చోటు కనిపిస్తుంది, కానీ అంతా అలుక్కుపోయినట్టు ఉంటుంది. సన్నగా చూస్తే స్పష్టంగా ఉంటుంది, కానీ సరిగ్గా ఆ వస్తువు నెత్తి మీద నుంచి పడవ పోవాలి. బురద నేలయితే తెర మీద గీత సన్నగా, గట్టి నేలయితే మందంగా వస్తుంది.

"అడుగున ఏదైనా పడి ఉంటే తెలుస్తుందా?" అని అడిగాను.

"ఏది పడి ఉంటే?"

"ఏదైనా. రాయి కానిది. కాస్త పెద్దది."

"ఎంత పెద్దది?"

అతను నా మొహంలోకి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "సన్నగా చూసేదాంట్లో తెలుస్తుందండీ. వల చిక్కుకోకుండా అందరూ అలాంటివి చూసుకుంటారు," అన్నాడు. మంచివాడే. వల చిక్కుకోకుండా అని నా తరఫున అతనే అబద్ధం ఆడిపెట్టాడు.

టీ తెప్పించబోతే వద్దని వచ్చేశాను.

ఫిబ్రవరి 14

ఒకసారి రాసేస్తే పోతుంది.

మా రేవులో రేడియోలో ఎవడూ ఉన్నచోటు చెప్పడు. చెబితే పడవలన్నీ ఈగల్లా వచ్చి వాలతాయి. అందరికీ తెలుసు, అందరూ అబద్ధమే ఆడతారు, ఎవరూ తప్పుపట్టరు. అన్నయ్యా నేనూ ఒక ఒప్పందం పెట్టుకున్నాం. అతను ఉత్తరం అంటే దక్షిణం, దక్షిణం అంటే ఉత్తరం. మాకు రెండే రెండు మంచి చోట్లు, నీళ్ళ అడుగున ఉన్న రాతి దిబ్బలు: ఉత్తరం దిబ్బ, దక్షిణం దిబ్బ. మధ్యలో అంతా బురద.

ఆ రోజు అన్నయ్య పడవలో పనివాడు రాలేదు. ఒక్కడే వెళ్ళాడు. పొద్దు బాగా ఎక్కాక రేడియోలో పిలిచాడు. "ఉత్తరం దిబ్బ దగ్గరున్నా. రా." అంతే. గొంతు మామూలుగానే ఉంది. నా పడవలో పనిచేసే బావమరిదిని అడిగితే వాడూ అదే అంటాడు, మామూలుగానే ఉంది బావా అని. నేను పడవని దక్షిణానికి తిప్పాను. అన్నయ్యకి చేప దొరికిందని ఈల వేసుకుంటూ వెళ్ళాను. అక్కడ లేడు. మరో చోటికి జరిగి ఉంటాడనుకుని అక్కడే వల వేశాను.

చీకటి పడేవేళకి అతను రేవుకి చేరకపోతే రేవు అధికారి నన్ను అడిగాడు, ఎక్కడన్నాడయ్యా అని. "ఉత్తరం అన్నాడు. అంటే దక్షిణం. మా అన్న సంగతి నాకు తెలీదా," అన్నాను. చుట్టూ ఉన్న సరంగులంతా తలూపారు. రేడియోలో ఎవడూ నిజం చెప్పడని వాళ్ళకీ తెలుసు కదా. పడవలన్నీ దక్షిణానికి వెళ్ళాయి. ఉత్తరానికి వెళ్ళింది ఆ తర్వాత. అప్పటికి నీళ్ళ మీద ఏమీ లేదు.

దక్షిణం నుంచి ఇంకెటో కొట్టుకుపోయి ఉంటాడు. ఒప్పందం ప్రకారమే చెప్పి ఉంటాడు. ఎందుకు మారుస్తాడు? ఎప్పుడూ మార్చలేదు.

రాసేశాను. పోలేదు.

ఫిబ్రవరి 17

వల ఖాళీ. మొన్నా ఖాళీ. బావమరిది ఏమీ అనడు, అదే బాధ. ఒక మాట అనేస్తే తిరిగి ఒకటి అనొచ్చు.

ఫిబ్రవరి 20

రేవులో ఒక సరంగు ఉన్నాడు, అందరూ వాగుడుకాయ అంటారు. నోట్లో నువ్వుగింజ నానదు. రేడియో కనిపెట్టింది తన కోసమే అనుకుంటాడు. ఇవాళ అతను పడవ దిగి నోరు మెదపకుండా నా దగ్గరకి వచ్చాడు. చేతిలో పెద్ద ప్లాస్టిక్ డబ్బా. మూత బిగించి ఉంది, పిడికి తాడు కట్టి ఉంది. తాడు చివర మనిషి చంకల కిందుగా దూర్చుకునేంత ఉచ్చు.

"దక్షిణాన నీళ్ళలో దొరికింది తమ్ముడూ. మీ అన్నదేమో చూస్తావని," అన్నాడు.

అన్నయ్య ముడి వేస్తే చివర రెండు చుట్లు అదనంగా వేసేవాడు. నేను చిన్నప్పటి నుంచీ ఎగతాళి చేసేవాణ్ణి, నీ ముడి విప్పాలంటే పళ్ళూడతాయిరా అన్నయ్యా అని.

"కాదు," అన్నాను.

వాగుడుకాయ డబ్బా అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. నేను తెచ్చి వలల గదిలో వెనక్కి తోశాను.

ఈ కాలంలో నీళ్ళు ఉత్తరం నుంచి దక్షిణానికి లాగుతాయి. అయినా డబ్బా ఎటు నుంచి ఎటైనా పోవచ్చు. నీళ్ళకి ఒప్పందాలుంటాయా.

ఎంతసేపు ఉన్నాడో దాని మీద. ఎటు వైపు చూస్తూ ఉన్నాడో. నా పడవ వస్తుందనే కదా చూసి ఉంటాడు.

ఫిబ్రవరి 24

దుకాణానికి వెళ్ళాను. రెండూ ఒకే డబ్బాలో ఉండటం అసలు మంచిదేనా అని అడిగాను. తీగ తెగితే ఎక్కడున్నామో తెలియదు, కింద ఏముందో తెలియదు, రెండు కళ్ళూ ఒకేసారి పోతాయి. విడివిడిగా కొంటే ఒకటి పోయినా ఒకటి ఉంటుంది.

"మీరే కదండీ రెండూ కలిసింది కావాలన్నారు?"

"అన్నాను."

"ఎండకి కనపడదన్నారు, కనపడేది తెప్పించాను. బొత్తాలు కావాలన్నారు, తెప్పించాను. పెద్ద తెర అన్నారు, అదీ తెప్పించాను. ఇప్పుడు విడివిడిగా అంటున్నారు. పాడిందే పాడరా అన్నట్టు రోజూ వచ్చి ఇవే అడుగుతున్నారు. మీకు అసలు మిషన్ కావాలా వద్దా సరంగు గారూ?"

మర్యాదగానే అడిగాడు. నాకే చెప్పుతో కొట్టినట్టయింది. తెర వెనక తీగ పొట్టిగా ఉందని వంక పెట్టి వచ్చేశాను. పొట్టిగానే ఉంది నిజానికి.

ఫిబ్రవరి 25

మా ఆవిడ పొయ్యి కట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అలా కూర్చుందంటే దులిపేస్తుందని అర్థం.

"ఆడలేక మద్దెల ఓడంటే ఏమిటో అనుకున్నాను, నిన్ను చూస్తే తెలిసింది. ఆ మిషన్లకి ఏ రోగమూ లేదు."

"నీకేం తెలుసు మిషన్ల గురించి?"

"మిషన్ల గురించి తెలీదు, నీ గురించి తెలుసు. కొంటే ఉత్తరానికి వెళ్ళాలి. వెళ్తే పడవ అక్కడే ఉందేమో చూడాలి. ఉంటే మీ అన్నయ్య నిజం చెప్పాడని, నువ్వు జనాన్ని తప్పుదారి పట్టించావని తేలిపోతుంది. అందుకని కొనవు. కొనకపోతే వల నిండదు. మా తమ్ముడు ఇవాళ వేరే పడవలో పని అడిగొచ్చాడు, నీకు తెలుసా?"

తెలియదు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదంటారు. నువ్వు ఆకులు కూడా పట్టుకోవడం లేదు," అని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండును.

మార్చి 1

వదిన వచ్చింది. నవంబరు తర్వాత మా గుమ్మం తొక్కడం ఇదే. నేను వాళ్ళింటికి వెళ్తే గడప దగ్గరే నిలబడి వచ్చేస్తున్నాను, ఆమె రమ్మనదు, నేను వెళ్ళను.

"దుకాణానికి పద, నేనూ వస్తా," అంది.

"నీకెందుకు వదినా శ్రమ. చూస్తున్నాగా."

"చూస్తున్నావని విన్నా. నడు."

దుకాణంలో నాలుగు మిషన్లూ నా వైపు చూస్తున్నాయి, ఎరిగిన మొహాలే కదా. వదిన వాటి తెరలూ చూడలేదు, బొత్తాలూ నొక్కలేదు. దుకాణం ఆయన్ని ఒక్క మాట అడిగింది.

"ఒకసారి గుర్తు పెట్టుకున్న చోటికి మళ్ళీ సరిగ్గా తీసుకెళ్ళేది ఏది?"

"అన్నీ తీసుకెళ్తాయమ్మా."

"మనిషి మారినా? వేరేవాళ్ళు నడిపినా?"

"ఎవరు నడిపినా తీసుకెళ్తుందమ్మా. గుర్తు దాంట్లోనే ఉంటుంది."

"అయితే ఇది," అని దగ్గరగా ఉన్నదాని మీద చెయ్యి పెట్టింది. తీగ పొట్టిగా ఉన్నదే.

బయటకి వచ్చాక అంది, "ఆయన ఉన్నాడనుకుని ఎదురు చూడను. పోయాడని ఏడవనూలేను. గిన్నెలో అన్నం మిగిలితే పారెయ్యాలో ఉంచాలో తెలీడం లేదు నాకు. ఎక్కడున్నాడో చూసి చెప్పు. అంతే నేనడిగేది."

అలాగే అన్నాను.

మార్చి 4

మిషన్ బిగించాం. తీగకి ముక్క అతికి బావమరిదే చేశాడు. వేరే పడవకి వెళ్ళలేదు వాడు. అడగలేదు నేను.

మార్చి 6

దక్షిణం దిబ్బ. తెర మీద చేపలు వంకర గీతలుగా వస్తాయి, గోరుతో గీరినట్టు. మొదట నమ్మలేదు. వల వేశాం. లాగలేక చేతులు కోసుకుపోయాయి. బావమరిది నవ్వాడు, నేనూ నవ్వాను, పడవలో ఎగిరినంత పని చేశాను. రేడియో అందుకుని అన్నయ్యని పిలవబోయాను. చెయ్యి రేడియో మీద పడ్డాక గుర్తొచ్చింది.

రేపు ఉత్తరం వెళ్ళాలి.

మార్చి 7

పెద్ద గాలి.

మార్చి 8

గాలి. దక్షిణానికే వెళ్ళాం.

మార్చి 10

ఉత్తరాన నీటి లాగుడు ఎక్కువగా ఉంటుంది ఈ వారం. ఇంత కష్టపడి కొన్న మిషన్, తొందరపడితే సెన్సార్ రాళ్ళకి తగులుతుంది. దక్షిణం.

మార్చి 11

వదిన వాళ్ళింటికి చేపలు ఇవ్వడానికి వెళ్ళాను. పెరట్లో ఉంది, ఉతికిన బట్టలు ఆరేస్తోంది. అన్నయ్య చొక్కాలు కూడా ఉన్నాయి. వారం వారం ఉతుకుతుందని మా ఆవిడ చెప్పింది, నేను చూడటం ఇదే మొదలు.

"ఉత్తరానికి వెళ్ళావా?"

"గాలి ఎక్కువగా ఉంది వదినా, కుదరడం లేదు."

ఆమె బట్టల తీగ వైపు చూసింది. నేనూ చూశాను. ఒక్క చొక్కా కదలడం లేదు.

చేపలు తీసుకుంది. తిట్టినా బాగుండేది.

మార్చి 12

వెళ్ళాం. బావమరిదీ నేనూ. వల పడవలో పెట్టుకోలేదు.

ఉత్తరం దిబ్బ పొడుగ్గా ఉంటుంది. ఒక చివర నుంచి పడవని నెమ్మదిగా నడిపి, తిరిగి పక్కగా నడిపి, మళ్ళీ తిరిగి. మనం పోయిన దారి తెర మీద గీతగా మిగులుతుంది, దున్నిన చాళ్ళలా. కింద రాళ్ళు, రాళ్ళు, తర్వాత బురద. దిబ్బ దాటి బురదలోకి వచ్చాం. ఇక్కడ ఏమీ లేదు, చెప్పానా, ఒప్పందం ప్రకారమే చెప్పాడు అన్నయ్య, అనుకున్నాను. ఎంత సంతోషం వేసిందో రాయడానికి సిగ్గుగా ఉంది. అన్నయ్య దొరకనందుకు సంతోషం. అలాంటివాణ్ణి నేను.

"బావా," అన్నాడు బావమరిది.

సన్నటి గీత ఉన్నట్టుండి నిటారుగా లేచింది. కొంచెం దూరం చదునుగా పోయి, మళ్ళీ నిటారుగా పడింది. రాయి అలా లేవదు. దాని మీద గుంపుగా చేపలు. బురద మధ్యలో చేపలకి ఇల్లు దొరికితే వదులుతాయా.

తిప్పి మళ్ళీ మీద నుంచి పోనిచ్చాను. అడ్డంగా పోనిచ్చాను. పొడుగు, వెడల్పు. అన్నయ్య పడవ కట్టిననాడు మేమిద్దరం ఆ చెక్క మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాం. దాని కొలత నాకు ఏ మిషనూ చెప్పక్కర్లేదు.

నిజం చెప్పాడు. ఉన్నచోటే చెప్పాడు. నీళ్ళు వస్తుంటే ఒప్పందం ఎవడికి గుర్తుంటుంది. లేక గుర్తుండే వదిలేశాడేమో. నాతో ఒక్కడితో కాదేమో ఆ మాట. ఎవరు విన్నా రావాలని, ఎవరు దగ్గరుంటే వాళ్ళు రావాలని, అందరికీ అర్థమయ్యేలా చెప్పాడేమో. విన్నవాళ్ళందరూ అబద్ధమనుకున్నారు. ముందుగా అనుకున్నవాణ్ణి నేను.

అప్పుడే రేడియో మోగింది. వాగుడుకాయ.

"ఏం తమ్ముడూ! కొత్త మిషన్ తగిలించుకుని కొత్త పెళ్ళికొడుకులా తిరుగుతున్నావట. ఎక్కడున్నావ్?"

నోటికి ఏదొస్తే అది వచ్చింది.

"ఉత్తరం దిబ్బ దగ్గరున్నా. రా."

అటు నుంచి నవ్వు. "ఓహో, ఉత్తరమా! అలాగే, అలాగే. అన్నకి తగ్గ తమ్ముడివే." ఇంకెవరివో నవ్వులు కూడా కలిశాయి. దూరంగా నీళ్ళ మీద మూడు పడవలు కనిపిస్తూ ఉన్నాయి. మూడూ దక్షిణానికి తిరిగాయి.

బావమరిది వాటినే చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ పిలిచి చెప్పు బావా అనలేదు. నేనూ మళ్ళీ పిలవలేదు. ఇంజిన్ శబ్దాలు పోయేదాకా అక్కడే ఉన్నాం.

గుర్తు పెట్టాను. గుర్తుకి పేరు పెట్టమని అడిగింది మిషన్. ఖాళీగా వదిలేశాను.

ఇక్కడి నుంచి ఆ రోజు నేను వల వేసుకున్న చోటికి ఎంత దూరమో కూడా చెబుతుంది అది. రెండు బొత్తాలు నొక్కితే చాలు. నొక్కాను. ఇక్కడ రాయను.

మార్చి 12, సాయంత్రం

వదినతో చెప్పాను. గడప దగ్గర కాదు, లోపలికి వెళ్ళి, కూర్చుని చెప్పాను.

"ఆయన చెప్పిన చోటేనా?"

"ఆ చోటే."

"నువ్వు ఆ రోజు అటే వెళ్ళుంటే?"

డబ్బా సంగతి కూడా చెప్పేశాను. ఉచ్చు సంగతి, ముడి సంగతి. చెప్తున్నంతసేపూ ఆమె నా చేతుల వంకే చూసింది, మొహం చూడలేదు. నన్ను కొట్టు వదినా అన్నాను. కొట్టలేదు. నీ తప్పు లేదనీ అనలేదు. అనదు. అనకూడదు కూడా.

"నన్ను తీసుకెళ్ళు," అంది.

మార్చి 15

ఇవాళ తీసుకెళ్ళాను. వదిన, నేను, బావమరిది. గాలి నిజంగానే లేదు.

మిషన్ దారి చూపించింది, నేను చుక్కాని పట్టుకున్నాను. చోటు రాగానే బీప్ మని అరిచింది. ఇంజిన్ ఆపించాను. లంగరు వెయ్యనా అని బావమరిది సైగ చేశాడు. వద్దన్నాను. అతని మీద లంగరు వెయ్యలేను.

వదిన వచ్చి నా పక్కన నిలబడి తెర చూసింది. కింద ఆ ఆకారం, మీద చేపలు. మొదట అర్థం కాలేదు ఆమెకి. గీతలేమిటని అడిగింది. చెప్పాను.

"తిరుగుతున్నాయా అవి? ఇప్పుడు?"

"ఆ."

"ఆపెయ్. నేను చూడలేను. ఆపెయ్ దాన్ని."

ఆపేశాను. తెర నల్లబడింది. చుట్టూ నీళ్ళు, ఎటు చూసినా ఒకటే నీళ్ళు. వదిన పడవ అంచు పట్టుకుని వంగి చూసింది. ఏమేమో అంటూ ఉంది, నాకు వినపడకూడదని వెనక్కి జరిగాను. ఏడ్చింది. ఇన్నాళ్ళకి ఏడ్చింది, గొంతు పగిలేలా. బావమరిది అటు తిరిగి కూర్చున్నాడు. నేను చుక్కాని వదల్లేదు, దాంతో పని లేకపోయినా.

చాలాసేపయింది. నీళ్ళు లాగుతూనే ఉన్నాయి. పడవ ఎంత జరిగిందో, ఎటు జరిగిందో, తెర లేకుండా నాకు తెలియదు. అన్నయ్యకయితే తెలిసేది.

వదిన మొహం తుడుచుకుని, చెయ్యి చాచి పక్కనే ఉన్న నీళ్ళని తాకింది.

"ఇక్కడేనా?" అని అడిగింది.

"ఇక్కడే వదినా," అన్నాను.

నమ్మింది.